తగ్గిన పొగ, తగ్గని మరణములు

గత మాసమున మా కేంద్రమునకు ఒక గృహిణి వ్రాసిన ఉత్తరము వచ్చినది. మాకు వచ్చు ఉత్తరములలో పెక్కు పాటలు కోరునవి; కొన్ని, పాటను మధ్యలో ఆపినందుకు మమ్ము కోపించునవి. ఇది ఆ రెండు జాతులకు చెందినది కాదు. దేశమున పొగ త్రాగువారి వంతు తగ్గినదని ఒకనాటి కార్యక్రమమున మేము చెప్పితిమట. పొగాకు వలన ఏటేట పదమూడు లక్షలమంది మరణించుచున్నారని వేరొకనాడు మేమే చెప్పితిమట. త్రాగువారు తగ్గినచో చచ్చువారును తగ్గవలదా, తగ్గనిచో మొదటి మాట యెట్లు నిజమగును అని ఆమె ప్రశ్న. తన భర్తకు నలువది రెండేండ్లనియు, పదునెనిమిదవ యేట నుండి ఆయన బీడీ త్రాగుచున్నారనియు, మా మొదటి మాట విన్ననాడు "అదిగో, తగ్గిపోవుచున్నదట" అని సంతోషించి మరియొక బీడీ వెలిగించినారనియు ఆమె వ్రాసినది. పేరును ఊరును చదువవలదని కోరినది.

ఆమెకు ఒక కార్డు మీద సమాధానము వ్రాసి పంపవచ్చును. కాని యీ సందేహము ఆమె యొక్కతెది కాదని మా నమ్మకము. అంకెలు చెప్పునపుడు మావంటి వారు చేయు తప్పు ఒకటి కలదు. ఒక అంకెను చెప్పి, తరువాతి పాటకు పోవుదుము. ఆ అంకె ఎక్కడ పుట్టినది, దేనిని గూర్చి చెప్పుచున్నది, దేనిని గూర్చి చెప్పుట లేదు అను విషయమునకు కాలము చాలదు. నేడు కొంత కాలము దొరకినది.

మొదటి మాట అబద్ధము కాదు. మన దేశమున వయోజనులు పొగాకును ఎట్లు వాడుచున్నారో తెలిసికొనుటకు 2009-10 లో ఇంటింటికి పోయి ఒక పెద్ద గణనము చేసిరి. అదే పద్ధతిని 2016-17 లో మరల చేసిరి. ఈ రెండవమారు 74 వేలమందికి పైగా ప్రశ్నింపబడిరి. పదునైదేండ్లును అంతకు పైబడినవారును ఇందులో చేరుదురు. పొగగా పీల్చుట, నములుట, పండ్లకు రుద్దుకొనుట మొదలగు అన్ని విధములును కలిపి చూచినచో, మొదటిమారు నూటికి 34.6 మంది పొగాకు వాడువారుగా తేలిరి, రెండవమారు 28.6 మంది. కేవలము పొగ త్రాగువారిని వేరుచేసి చూచినచో 14.0 నుండి 10.7 కు దిగిరి. పురుషులలో నూటికి 24.3 మంది త్రాగుచుండగా 19.0 అయిరి, స్త్రీలలో 2.9 మందికి 2.0 అయిరి. పదునైదు మొదలు ఇరువది నాలుగేండ్ల వయస్సు గల పడుచువారిలో అన్నివిధముల పొగాకు వాడుక 18.4 నుండి 12.4 కు పడిపోయినది. అలవాటు మొదలగు వయస్సు సగటున ఒక యేడు వెనుకకు జరిగి 18.9 ఏండ్లకు చేరినది. ఇంటిలో పరుల పొగ పీల్చవలసివచ్చువారు నూటికి 52.3 మంది యుండగా 38.7 అయిరి. ఈ చివరి అంకె మాకు అన్నిటికంటె ఇష్టమైనది. ఇంటి యజమాని పూర్తిగా మానకపోయినను వీధి యరుగు మీదికైనను పోయెనని దాని యర్థము.

మన తెలుగు రాష్ట్రములు ఈ పట్టికలో మరీ చెడ్డ స్థానమున లేవు. 2016-17 లో ఆంధ్రప్రదేశమున నూటికి 20.0 మంది, తెలంగాణమున 17.8 మంది పొగాకు వాడుచుండిరి. త్రిపురలో ఆ సంఖ్య 64.5, గోవాలో 9.7. ఆకును పండించు నేల మీద ఆకును వాడువారు దేశపు సగటుకంటె తక్కువగా నుండుట ఒక వింత.

ఇక ఉత్తరము వ్రాసిన తల్లి పట్టుకొన్న చిక్కు ఇచటనే మొదలగుచున్నది. నూటికి ఇంతమంది యనుట వేరు, ఇంతమంది మనుష్యులు అనుట వేరు. మొదటి గణనము నాటికి దేశమున పొగాకు వాడు వయోజనులు సుమారు 27 కోట్ల 49 లక్షలు. రెండవ గణనము నాటికి 26 కోట్ల 68 లక్షలు. అనగా ఏడేండ్లలో తగ్గినవారు 81 లక్షలు మాత్రమే. వంతు అంతగా తగ్గి మనుష్యులు ఇంత తక్కువగా తగ్గుటేమి యందురా? నూరుమంది పెద్దలు గల ఒక ఊరిని తలచుకొనుడు. అందు 35 గురు పొగాకు వాడుదురు. ఏడేండ్లలో ఆ ఊరి పెద్దలు నూరుగురు కారు, 117 మంది యైరి. ఇప్పుడు నూటికి 28.6 వంతున లెక్కించిన ఆ ఊరిలో 33 గురో, 34 గురో తేలుదురు. ఊరి పెద్దలు సభలో నిలిచి మా ఊరిలో పొగాకు తగ్గినదని చెప్పవచ్చును, అది సత్యమే. ఊరి వైద్యుని గుమ్మము ముందు కూర్చుండువారి వరుస మాత్రము ఏమియు కురుచ కాలేదు.

జనాభా పెరుగుట ఒక కారణము మాత్రమే. అంతకంటె పెద్ద కారణము కాలము. పొగాకు రైతుకు ఆకు కొలది మాసములలో చేతికి వచ్చును. పొగ త్రాగువానికి పంట చేతికి వచ్చుటకు ఇరువది ముప్పది యేండ్లు పట్టును. ఈ మాటకు తార్కాణము అమెరికాలో దొరకును. ఆ దేశమున సగటున మనిషికి సిగరెట్ల వాడుక అత్యధికముగా నున్న సంవత్సరము 1963. మరుసటి ఏడు జనవరి 11వ తేదీన ఆ దేశపు ప్రధాన వైద్యాధికారి లూథర్ టెర్రీ, పొగ త్రాగుటకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును స్పష్టముగా చాటిన నివేదికను ప్రకటించెను. అది శనివారము. నాటి నుండి వాడుక దిగజొచ్చినది. మరి పురుషులలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణముల రేటు ఎప్పుడు దిగజొచ్చినది? 1990 తరువాత. ఇరువది యేడేండ్లపాటు త్రాగువారు తగ్గుచునే యుండిరి, చచ్చువారు పెరుగుచునే యుండిరి. ఆ కాలమున అమెరికాలోను మన శ్రోతవంటి గృహిణి యొకతె ఇదే ప్రశ్న వేసియుండవచ్చును.

అందుచేత నేడు మన దేశమున అరువదవ యేట పొగాకు వలన కన్నుమూయుచున్న పురుషుడు 2016 నాటి లెక్కకు చెందినవాడు కాడు. అతడు మొదటి బీడీ వెలిగించినది 1985 ప్రాంతమున. నాడు చుట్టయైనను బీడీయైనను నోట లేని పెద్దమనిషి ఊరికి పదిమంది యుండిరో లేదో. నాడు బస్సులో ప్రక్కవాని ముఖము మీదికి పొగ వదలుట మర్యాదకు భంగము కాదు. అగ్గిపెట్టె అడిగినవారికి లేదనుటయే భంగము. నేటి మరణములు నాటి మర్యాదలకు చెల్లించుచున్న వెల. నేటి పడుచువారు త్రాగకుండుట వలన కలుగు ఫలితము ఈ శతాబ్దము సగము గడచిన పిదప గాని మరణముల లెక్కలో కానరాదు.

మరణముల లెక్క అంటిమి. అది యెట్లు కట్టుదురో కొంచెము చెప్పవలెను. ఏలయనగా "పదిలక్షలు, పదమూడు లక్షలు" అను మాటలు విని, ఎవరు చూచి లెక్కించిరి అని నవ్వువారు కలరు. నవ్వుటలో తప్పు లేదు. మరణపత్రము మీద "పొగాకు" అని కారణము వ్రాయు వైద్యుడు ఎచటను లేడు. పల్లెలలో మరణపత్రమునకు వైద్యుడే దొరకడు. గుండె ఆగినది, ఆయాసము వచ్చినది, దగ్గి దగ్గి పోయినాడు, కాలము తీరినది. ఇవి మన యింట కారణములు. కనుక భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయమువారు దేశమంతట నమూనాగా ఎంచిన 11 లక్షల యిండ్లకు సిబ్బందిని పంపిరి. 2001 మొదలు 2003 వరకు ఆ యిండ్లలో ఎవరైనను మరణించినచో, బ్రతికియున్న భార్యనో కొడుకునో కూర్చుండబెట్టి అడిగిరి: చివరి దినములలో ఏమి బాధపడినాడు? దగ్గు ఎన్ని వారములున్నది? నెత్తురు పడినదా? ఎడమ రొమ్ము నొప్పి యనినాడా? పొగ త్రాగెడివాడా, ఏమి త్రాగెడివాడు, దినమునకు ఎన్ని? ఆ యింటివారి మాటలలోనే వ్రాసికొన్న ఆ కాగితములను ఇద్దరు వైద్యులు, ఒకరి యభిప్రాయము ఒకరికి తెలియకుండ, చదివి కారణమును నిర్ణయించిరి. అట్లు 74 వేల పెద్దల మరణములను, బ్రతికియున్న 78 వేలమందితో పోల్చి చూచిరి. టొరాంటోలో పనిచేయు ప్రభాత్ ఝా గారును మన దేశపు సహచరులును 2008 లో ఆ ఫలితములను వెల్లడించిరి.

వారు తేల్చినది ఇది. 2010 తరువాతి దశకమున కేవలము పొగ త్రాగుట వలన ఏటేట సుమారు పదిలక్షలమంది భారతీయులు మరణింతురు. నములు పొగాకు మొదలగునవన్నియు చేర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పు లెక్క పదమూడు లక్షలకు మించినది. రెండు అంకెలకును వైరుధ్యము లేదు. ముప్పది మొదలు అరువది తొమ్మిదేండ్ల నడుమ చనిపోవు పురుషులలో అయిదుగురకు ఒకరి చావు పొగ వలననే. స్త్రీలలో ఇరువదిమందికి ఒకరు. ఇంకొక లెక్క మమ్ము మరింత కలచినది. ముప్పది యేండ్లు నిండిన పురుషులు నూరుగురను తీసికొనుడు. పొగ త్రాగనివారైనచో అందు 41 మంది డెబ్బది యేండ్లు రాకమునుపే పోవుదురు. మన దేశపు ఆరోగ్యము అట్లున్నది. చదువునందును, ఇతర యలవాట్లయందును వారివంటివారే యై, పొగ మాత్రము త్రాగువారైనచో 61 మంది పోవుదురు. నడుమనున్న ఆ ఇరువదిమంది మనుమల పెండ్లి చూడవలసినవారు.

పొగ యనగానే మనకు క్యాన్సరు తలపునకు వచ్చును. పెట్టె మీది బొమ్మలు అట్టివి. కాని మన దేశమున పొగ చంపు విధము పాశ్చాత్యుల పుస్తకములలో నున్నట్లు లేదు. ఇచట అది క్షయను అడ్డుపెట్టుకొని చంపును, ఆయాసమును అడ్డుపెట్టుకొని చంపును, గుండెపోటు పేరిట చంపును. మదరాసు నగరమునందును తమిళనాటి పల్లెలయందును మరణించిన 43 వేలమంది పురుషులను, బ్రతికియున్న 35 వేలమందితో పోల్చి గజలక్ష్మి గారును, ఆక్స్‌ఫర్డుకు చెందిన రిచర్డు పీటో గారును 2003 లో ఒక పరిశోధన ప్రకటించిరి. పొగ త్రాగువారు క్షయతో మరణించుట త్రాగనివారికంటె నాలుగు రెట్లకు మించియున్నదని అందు తేలినది. మన దేశమున పురుషుల క్షయ మరణములలో సుమారు సగము పొగ వలన కలిగినవేనని వారు లెక్కకట్టిరి.

ఇది యెట్లు జరుగును? క్షయ క్రిమి మనలో పెక్కుర దేహములలో చేరి నిద్రించుచునే యుండును. శ్వాసనాళముల లోపలి గోడల మీద కంటికి కానరాని నూగు వంటి రోమములు కలవు. అవి ఎల్లప్పుడు కదలుచు, లోనికి వచ్చిన మలినమును పైకి ఊడ్చుచుండును. పొగ ఆ రోమములను స్తంభింపజేయును. ఊపిరితిత్తులలో క్రిములను మ్రింగు కావలి కణములు వేరు కలవు. పొగ వానిని దుర్బలపరచును. ఊడ్చువారు లేక, కావలివారు నీరసించిన యింట నిద్రించువాడు లేచును. ఇంటిలోని వారందరు "క్షయ వచ్చినది" అందురు. బీడీ పేరు ఎవరును ఎత్తరు. పైగా, దగ్గు వచ్చినపుడు "బీడీ దగ్గే కదా" యని ఉపేక్షించి వైద్యుని కడకు ఆలస్యముగా పోవువారిని మేము చూచితిమి.

కారణము కన్నులయెదుట నుండగా దాని పేరు ఎత్తకపోవుట మా యింటిలోనే జరిగినది. మా అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళము జిల్లాలో సముద్రపు ఒడ్డున గలదు. ఆ వైపున స్త్రీలు చుట్టను తిరుగవేసి, నిప్పుకొనను నోటిలోనికి పెట్టుకొని త్రాగుదురు. దానిని అడ్డపొగ అందురు. చూడనివారికి నమ్మశక్యము కాదు. చిన్నతనమున మాకు అది యొక గారడీవలె నుండెడిది. అమ్మమ్మ నోరు మూసికొని చేపలు కడుగుచుండగా చుట్ట చివర నుండి సన్నని పొగ వచ్చుచుండెడిది. గాలికి ఆరదు, బూడిద బట్టల మీద పడదు, ఒక చుట్ట చాలసేపు వచ్చును అని ఆమె దాని గుణములు చెప్పెడిది. మాకు పదియేండ్లు వచ్చుసరికి ఆమె నోటి పైకప్పున పుండు లేచినది. వేడి చేసినదనిరి. దిష్టి యనిరి. ఎవరో పసరు ఇచ్చిరి. ఆమె పోయిన పిదప పదునాలుగవ దినమున బంధువులందరు అరుగు మీద కూర్చుండి చుట్టలు కాల్చుచు ఆమె మంచితనమును చెప్పుకొనిరి.

మా యింటివారికి తెలియలేదు గాని, ఆ సంగతి లోకమునకు తెలియనిది కాదు. విశాఖపట్టణపు వైద్యులు గోవిందరెడ్డి గారు 1957 నాటికే కోస్తా ఆంధ్రమున అంగిలి క్యాన్సరునకును అడ్డపొగకును గల సంబంధమును వ్రాసియుండిరి. 1971 లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్బోర్గును, ఆయన భారతీయ సహచరులును, శ్రీకాకుళము ప్రాంతపు పల్లెలలో 10,169 మంది నోళ్ళను పరీక్షించి వ్రాసిన వ్యాసము వెలువడినది. నూటికి సుమారు 44 గురు అడ్డపొగ త్రాగువారే. పుస్తకములలోని యెరుక మా అమ్మమ్మ వాకిలి దాక నడచి రాలేదు. రేడియోలో మేమీ విషయము చెప్పుటకు అది యొక కారణము.

బీడీని గూర్చి వేరుగ చెప్పవలెను. ఉత్తరమున ఉన్నది బీడీయే కదా. దేశమున సిగరెట్టు త్రాగువారికంటె బీడీ త్రాగువారు ఎక్కువ. 2016-17 లో వయోజనులలో నూటికి 7.7 మంది బీడీ, 4.0 మంది సిగరెట్టు త్రాగుచుండిరి. తునికాకులో చుట్టిన బీడీలో సిగరెట్టులోనున్న పొగాకులో నాల్గవ వంతు మాత్రమే యుండును. "చిన్నది, ఆకుది, పేదవానిది" అను భావము దానినుండి కలిగినది. కాని బీడీ ఆరిపోకుండుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. ముందు చెప్పిన 2008 నాటి లెక్కలో, దినమునకు ఒకటి మొదలు ఏడు బీడీలు మాత్రమే త్రాగువారికిని మరణభయము త్రాగనివారికంటె సుమారు పావువంతు హెచ్చుగా నున్నది. అన్నే సిగరెట్లైనచో దాదాపు రెట్టింపు. బీడీ త్రాగు పురుషుడు సగటున ఆరేండ్ల ఆయుస్సును, బీడీ త్రాగు స్త్రీ ఎనిమిదేండ్లను, సిగరెట్టు త్రాగు పురుషుడు పదియేండ్లను పోగొట్టుకొనుచున్నారు. కావున బీడీ సిగరెట్టుకంటె మేలు అనువారితో మేము వాదింపము. ఆరేండ్లు పదియేండ్లకంటె తక్కువయే.

ప్రభుత్వము ఏమి చేసినది అని అడుగువారుందురు. 2003 లో చట్టము వచ్చినది. 2008 అక్టోబరు 2వ తేదీ నుండి బహిరంగ స్థలములలో పొగ త్రాగుట నిషేధింపబడినది. 2009 లో పెట్టెల మీద బొమ్మలు వచ్చినవి. 2016 నుండి ఆ బొమ్మయు హెచ్చరికయు పెట్టె ముఖమున నూటికి 85 వంతులు ఆక్రమింపవలెనని నిర్ణయమైనది. ఇవి పనిచేయలేదనుట న్యాయము కాదు. ఆ హెచ్చరికలు చూచి మానవలెనని తలచినవారు సిగరెట్టు త్రాగువారిలో నూటికి 61.9, బీడీ త్రాగువారిలో 53.8 అని రెండవ గణనము చెప్పినది. అయితే కిళ్ళీకొట్టులో సిగరెట్టు విడిగా ఒకటి రెండు కొనువానికి పెట్టెయే కానరాదు, బొమ్మ యెచట చూచును? 2017-18 వ సంవత్సరమున ముప్పది యైదేండ్లు దాటినవారి పొగాకు జబ్బులకును అకాల మరణములకును దేశము పోగొట్టుకొన్నది 1,77,341 కోట్ల రూపాయలని కట్టిన లెక్క కలదు.

ఇక మన నేల సంగతి. 1947 లో రాజమహేంద్రవరమున పొగాకు పరిశోధన సంస్థ వెలసినది. 1976 లో గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడినది. ఒంగోలు నల్లరేగళ్ళలో ఈ ఆకు మీద పిల్లల చదువులు నడచినవి, ఆడపిల్లల పెండ్లిండ్లు జరిగినవి. నిజామాబాదు, కరీంనగరము వైపున లక్షలకొలది స్త్రీలు చేటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టి సంసారములు ఈదుచున్నారు. వారిని దోషులుగా నిలబెట్టి మాటలాడుట మాకు రుచింపదు. ఒక చేత ఆకు వేలము నడపుచు, ఒక చేత పెట్టె మీద పుండు బొమ్మ ముద్రించుట ఎట్లు పొసగునో పాలకులు చెప్పవలెను.

ఇంతవరకు చెప్పినది వినిన శ్రోత యొకరు, "సరే, ముప్పది యేండ్ల క్రితము చేసినదానికి ఇప్పుడు చేయగలిగినదేమున్నది? విత్తు పడినది గదా" అని నిట్టూర్పు విడుచుచుండవచ్చును. అచటనే పొగాకు పంట మామూలు పంటకు భిన్నమైనది. దీనిని నడుమ నిలుపవచ్చును. ఇంగ్లండులో రిచర్డు డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇరువురు 1951 లో 34 వేలమందికి పైగా పురుష వైద్యులకు ప్రశ్నపత్రములు పంపి, వారి యలవాట్లను వ్రాసికొని, నాటి నుండి ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఏ జబ్బుతో పోయిరో యేబదియేండ్లు గమనించు పని ఆరంభించిరి. 2004 లో ఆ యేబదియేండ్ల ఫలితము వెలువడినది. జీవితాంతము సిగరెట్లు త్రాగినవారు సగటున పదియేండ్లు ముందుగా పోయిరి. అరువదవ యేట మానినవారు మూడేండ్లు తిరిగి సంపాదించుకొనిరి. యేబదవ యేట మానినవారు ఆరు. నలువదవ యేట మానినవారు తొమ్మిది. ముప్పదవ యేట మానినవారికి పోయినది దాదాపు ఏమియు లేదు. అది సిగరెట్టు లెక్క. బీడీ వలన పోవునవి ఆరేండ్లు గనుక తిరిగి వచ్చునవి ఆ ఆరింటిలోనివే.

పిల్లలు నేర్వకుండిన ఎంత మేలో అందరు చెప్పుదురు. పాఠశాలలలో చిత్రలేఖనపు పోటీలు పెట్టుదురు. ఆ మేలు కనిపించుటకు ముప్పది నలువది యేండ్లు పట్టును. రాబోవు పది యిరువది యేండ్లలో మరణముల సంఖ్య దిగవలెనన్న, ఇప్పుడు త్రాగుచున్న పెద్దవారు మానవలెను. వేరు దారి లేదు. మన దేశమున కొరవడినది అదియే. ఝా గారి బృందము చూచిన కాలమున పొగ మానివేసిన వయోజనులు నూటికి ఇద్దరే, వారును తరచుగా జబ్బు పడిన పిదప మానినవారు. మానవలెనను కోరిక లేకపోలేదు. పొగ త్రాగువారిలో నూటికి 55 మంది మానుట గూర్చి ఆలోచించుచున్నారని 2016-17 నాటి గణనము చెప్పుచున్నది. కోరికకును చేతకును నడుమ అగ్గిపెట్టె యున్నది.

ఆ సంగతి మేము పుస్తకము చూచి చెప్పుట లేదు. విశ్వవిద్యాలయమున చదువునాడు సిగరెట్టు నేర్చుకొంటిమి. అమ్మమ్మ నోటి పుండును చూచినవారమై యుండియు నేర్చుకొంటిమి. సిగరెట్టు చుట్ట కాదు గదా యని. ముప్పది మూడవ యేట, ఒకనాటి ఉదయపు ప్రసారమున, వాక్యము నడుమ దగ్గు వచ్చి మైకు మూయవలసి వచ్చినది. మూడుమార్లు మానితిమి, మూడుమార్లు మొదలిడితిమి. ప్రతిమారును మూడవ దినమున పడిపోయితిమి. మొదటి మూడు నాలుగు దినములే మిక్కిలి కఠినములని, మూడు నాలుగు వారములకు ఆ తహతహ చాలవరకు చల్లారునని ఒక వైద్యుడు చెప్పినపుడు, దినములు లెక్కపెట్టుకొను ధైర్యము కలిగినది. నాల్గవమారు నిలిచినది. ఇంటి క్యాలెండరు మీద ఆ మొదటి నెల దినములకు సున్నలు చుట్టినది మా శ్రీమతి. ఆ క్యాలెండరు కాగితమును ఆమె నేటికిని బీరువాలో దాచినది, మాకు చూపదు.

మానదలచినవారికి సలహా చెప్పుటకు ప్రభుత్వము ఒక టెలిఫోను నంబరు పెట్టినది. 2018 నుండి పెట్టెల మీదను ముద్రించుచున్నారు: 1800-11-2356. దీనికి రుసుము లేదు. ఆసుపత్రులలో నికోటిను చిక్లెట్లు, మందులు సయితము చెప్పుదురు. వ్రాసికొనువారి కొరకు మరల చెప్పుచున్నాము: 1800-11-2356.

ఇక ఉత్తరము వ్రాసిన అమ్మకు మా సమాధానము. మీరు విన్న రెండు మాటలును నిజములే. మొదటిది మీ పిల్లలను గూర్చినది. రెండవది మీ మామగారి ఈడువారిని గూర్చినది. నలువది రెండేండ్ల వయస్సు గల మీ వారిని గూర్చి ఆ రెండు మాటలలో ఏదియు చెప్పలేదు. వారి యంకె ఇంకను వ్రాయబడలేదు.

మీ ఉత్తరపు చివరి పంక్తిలో మీరు కోరినదియు మరువలేదు. ఉదయపు ప్రసారములో చెప్పినచో ప్రయోజనము లేదని, అప్పటికి వారు పనికి పోవుదురని, సాయంకాలము ఏడు దాటిన పిదప భోజనమునకు ముందు రేడియో ప్రక్కన కూర్చుందురని వ్రాసితిరి. ఈ ప్రసంగమును ఉదయము నుండి తీసి ఈ వేళకు మార్చినది అందుకొరకే.